రెండో సాక్షి సంతకం

నా బీరువాలో, పాత వార్తల కత్తిరింపుల కింద, ఒక కాగితం ఉంది. పద్నాలుగేళ్లకు పైగా అక్కడే ఉంది. నాలుగు మడతలు పెడితే అరచేతిలో ఇమిడిపోయేంత కాగితం. దాన్ని రాసింది నేనే. దాచింది నేనే. అలాంటి కాగితమే లేదని చెప్పింది కూడా నేనే.

ఈ మధ్యలో రెండుసార్లు ఇల్లు మారాను. రెండుసార్లూ సామాన్లన్నీ ఆటోలో వేసి, ఆ ఒక్క కాగితాన్ని మాత్రం చొక్కా జేబులో పెట్టుకుని నడిచి వెళ్లాను. చింపేయడానికి చేతులు రాలేదు. ఎవరికైనా చూపించడానికి ధైర్యం రాలేదు. ఇన్నేళ్లలో ఎవరూ దాని గురించి నన్ను మళ్లీ అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ బరువైంది. అడిగి ఉంటే ఏదో ఒకరోజు నోరు జారేవాణ్ణేమో. జారేవాణ్ణా? నిజంగా? నా గురించి నేను ఇలా మంచిగా అనుకోవడం కూడా ఒక అలవాటే.

నేను గద్వాలలో ముప్పై ఏళ్లకు పైగా ఒక పత్రికకు విలేకరిగా పనిచేశాను. పత్రిక పేరు, నా పేరు ఇక్కడ చెప్పను. మిగతా ఇద్దరు ముగ్గురి పేర్లు మాత్రం మార్చకుండా ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. నా పేరు దాచి వాళ్ల పేర్లు బయటపెట్టడం ఏం న్యాయం అని మీరు అడగవచ్చు. న్యాయం కాదు. కానీ వాళ్ల పేర్ల మీదే నేను అబద్ధం చెప్పాను. దిద్దేటప్పుడు ఆ పేర్లే ఉండాలి కదా.

ముందు నా వృత్తిలో ఒక అలవాటు గురించి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

మేం వార్తలు కవర్లో పెట్టి నాలుగు గంటల బస్సుకు ఇచ్చే రోజులవి. సభ అయిదు గంటలకు ఉంటుంది. బస్సు సభ కోసం ఆగదు. అందుకని సభ జరిగిపోయినట్టే మధ్యాహ్నమే వార్త రాసేవాళ్లం. ఎవరు అధ్యక్షత వహించారో, ఎవరు దీపం వెలిగించారో ఇంకా తెలియదు కాబట్టి ఆ పేర్ల దగ్గర చుక్కలు పెట్టి జాగా వదిలేవాళ్లం. సాయంత్రం పత్రిక ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కుకు ఫోన్ చేసి పేర్లు చెబితే వాళ్లు నింపుకునేవారు. తర్వాత ఫ్యాక్సులు, సెల్‌ఫోన్లు వచ్చాయి. జాగా వదిలే అలవాటు మాత్రం నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఏ పనిలోనైనా ఒక ముక్క మిగిలిపోతే నాకు అది తప్పుగా తోచేది కాదు. తర్వాత నింపుకోవచ్చులే అనిపించేది.

తుంగభద్ర అలంపూర్‌ను ముంచిన ఏడాది నేను వారం రోజులు ఆ నీళ్లలోనే తిరిగాను. ఇళ్లు, గొడ్లు, గింజలు పోయిన సంగతి అందరూ రాశారు. నాకు గుర్తుండిపోయింది వేరే. ఒక బడిలో పెట్టిన శిబిరంలో వరండా పొడవునా తాడు కట్టి, తడిసిన చీరల మధ్య పట్టాదారు పాసుపుస్తకాలు ఆరేశారు. ఒక్కో పేజీ విడదీసి, క్లిప్పులు పెట్టి. వాటి కింద కూర్చుని ఇద్దరు అన్నదమ్ములు కొట్లాడుకుంటున్నారు. తండ్రి వరదలో పోయాడు. ఏ చెలక ఎవరిదో ఆయన నోటితోనే చెప్పేవాడట, ఎక్కడా రాయలేదు. పాసుపుస్తకం ఇంకా తడిగానే ఉంది, అప్పుడే వీళ్ల మధ్య మాటలు తెగిపోయాయి.

ఆ దృశ్యం పెట్టుకుని మరుసటి సంవత్సరం జిల్లా పేజీలో అర పేజీ వ్యాసం రాశాను. వీలునామా ఎందుకు రాసుకోవాలి, ఎలా రాసుకోవాలి అని. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ చేయిస్తే మంచిదే, చేయించకపోయినా చెల్లుతుంది. అయితే రాసిన మనిషి సంతకమో వేలిముద్రో పెట్టేటప్పుడు ఇద్దరు సాక్షులు చూడాలి, లేదా అది తనదేనని ఆయన వాళ్లకు చెప్పాలి, వాళ్లూ ఆయన ఎదుటే సంతకాలు చేయాలి. ఇవన్నీ ఒక వకీలును అడిగి, అర్థమయ్యేటట్టు రాశాను. వ్యాసం బాగా పేలింది. హోటల్లో టీ తాగుతుంటే పలకరించేవాళ్లు. నా పేరు అంత పెద్ద అక్షరాల్లో అంతకుముందు ఎప్పుడూ పడలేదు.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున తిమ్మప్ప మా ఇంటికి వచ్చాడు.

అలంపూర్ దారిలో నది పక్క ఊరి రైతు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. వరద వార్తలప్పుడు వాళ్ల ఊళ్లో పరిచయం. వెంట చెల్లెలు ఈరమ్మ వచ్చింది. తిమ్మప్ప చొక్కా జేబులోంచి నా వ్యాసం తీశాడు. మంగలి దుకాణంలో ఎవరో చదివి వినిపిస్తే, అడిగి చింపించుకున్నాడట.

“సారూ, గిది రాసింది నువ్వేనా?”

“నేనే తిమ్మప్పన్నా.”

“అయితె నాకొకటి రాసియ్యి. నేను సచ్చినంక లొల్లి గావొద్దు.”

ఈరమ్మ నవ్వింది. “సావనీకి గింత తొందరేందన్నా? పత్తి ఏరినంక సద్దువు తియ్యి.”

“నువ్వు జర నోరు మూస్కుంటవా? నీ కోసమే వచ్చిన ఈడికి. పో, ఆ కడపకాడ కూసో. సారుతోని మాట్లాడేదుంది.”

“ఆయ్తు,” అని ఆమె బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చుంది.

ఆ మాట ఆమెది. పన్నెండేళ్లకే రాయచూరు అవతలి ఊరికి ఇచ్చి పెళ్లి చేశారు. పందొమ్మిదేళ్లకు మొగుడు పోయి పుట్టింటికి వచ్చింది. ఆ ఏడేళ్ల కాపురంలోంచి ఆమె వెంట తెచ్చుకున్నది ఆ ఒక్క కన్నడ మాటే అని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు. సరే అనడానికీ ఆయ్తు, పని అయిపోయింది అనడానికీ ఆయ్తు, ఇక చాలు అనడానికీ ఆయ్తు.

తిమ్మప్ప కథ పెద్దదేం కాదు. ఒక్కడే కొడుకు, గోవిందు. వాణ్ణి కనగానే తల్లి పోయింది. పెంచింది ఈరమ్మ. తాతల నాటి మూడెకరాల చెలక ఎలాగూ గోవిందుకే. తన సొంత కష్టంతో కొన్నది ఎకరం నేల, కట్టింది రెండు గదుల ఇల్లు. ఆ ఎకరంలో బావి తవ్వింది అన్నాచెల్లెళ్లే. ఆయన గడ్డపారతో తవ్వితే ఆమె తట్టతో మట్టి ఎత్తింది. మూడు ఎండాకాలాలు.

“బాయికాడి ఎకరం, ఇల్లు ఈరమ్మకు రాయి సారూ. ఆమె ఉన్నన్ని దినాలు కాదు, ఆమెకే. ఆమె ఇష్టమొచ్చినోళ్లకు ఇచ్చుకుంటది. గోవిందు నా కొడుకే, మంచోడే. బోరు లారీ మీద ఏడాదిల తొమ్మిది నెలలు ఈడ ఉండడు. ఇల్లు నడిపేది కోడలు, ఆమె అన్న. ఆయన రిజిస్ట్రేషను ఆఫీసు కాడ దస్తావేజులు రాస్తడు. నేను ఆడికి పోయిననుకో, పొద్దుగూకక ముందే ఇంట్ల తెలుస్తది. అందుకనే నీ కాడికి వచ్చిన.”

కొడుకు ఉండగా చెల్లెలికి చట్టంలో వాటా లేదు. ఆయనకు చట్టం తెలియదు కానీ సంగతి తెలుసు. ఆ కాగితం లేకపోతే ఆమెకు ఏమీ ఉండదు.

రాశాను. చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని, ఒక్కో వాక్యానికి తల ఊపుతూ విన్నాడు. స్టాంపు ప్యాడ్ తీశాను. బొటనవేలు అరిగిపోయి ముద్ర పడలేదు. రెండోసారీ పడలేదు. అప్పటికి ఈరమ్మ లేచి వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“ముద్ర గూడ పడనంత అరిగినవా అన్నా? యమునికాడ ఎట్ల గుర్తు పడ్తరు నిన్ను?”

“నిన్ను జూసి గుర్తు పడ్తరు, నా ఎనకనే వస్తవు గద,” అన్నాడు ఆయన. మూడోసారి ముద్ర పడింది. చెల్లెలి వైపు తిరిగి, “బాయికాడి ఎకరం నీ పేరు మీద రాసిన. ఎవలకు చెప్పకు,” అన్నాడు. ఆమె కొంగుతో ఆయన వేలికి అంటిన సిరా తుడిచింది.

మొదటి సాక్షిగా నేను సంతకం చేశాను. రెండో సాక్షిగా మా వీధిలో ఉండే రిటైర్డ్ టీచరును అనుకున్నాను. నమ్మకమైన మనిషి, మాట బయటికి పోదు. ఆ రోజు ఆయన కంటి ఆపరేషన్‌కని కర్నూలు వెళ్లాడు. ఊరివాళ్లెవరూ వద్దని తిమ్మప్ప ముందే అన్నాడు. నాకు వేరే ఎవరూ తట్టలేదు. తట్టలేదా, వెతకలేదా? వీధి చివర కిరాణా కొట్టాయన ఉన్నాడు. పోస్టుమాన్ ఆ పూటే వచ్చి వెళ్లాడు.

రెండో సాక్షి అని రాసి, పక్కన చుక్కలు పెట్టి జాగా వదిలాను.

కాగితం నా దగ్గరే ఉండనిమ్మన్నాడు తిమ్మప్ప. “ఇంట్ల పెడితె మల్ల వరదొస్తె?” అన్నాడు. నిజమే అనిపించింది. ఇంకో సంతకం కావాలని, టీచరు వచ్చాక మళ్లీ రావాలని నేను ఆయనకు చెప్పాలి. చెప్పాననే చాలా ఏళ్లు అనుకున్నాను. చెప్పలేదు. ఆయన అంత తృప్తిగా లేచి నిలబడ్డాడు. అప్పుడు పని సగమే అయింది అనడం నాకు చిన్నతనం అనిపించింది. వచ్చేవారం సంతకు వస్తాడు కదా, అప్పుడు పిలిచి పెట్టిస్తే సరి అనుకున్నాను.

టీచరు కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని వారంలో తిరిగి వచ్చాడు. ఆ సంతకు తిమ్మప్ప రాలేదు. తర్వాతి సంతకు వచ్చాడు, నేను ఏదో మంత్రి పర్యటనలో ఉన్నాను. అలా మొదలైంది. ఆ తర్వాత ఏడాదిలో ఆయన మా ఇంటికి నాలుగైదుసార్లు వచ్చాడు. ఒకసారి జొన్నలు తెచ్చాడు, ఒకసారి దోసకాయలు. వచ్చినప్పుడల్లా ఒకటే మాట అడిగేవాడు.

“కాగితం పక్కాగున్నదా సారూ?”

“పక్కా.”

టీచరు ఇల్లు మా ఇంటికి ఆరు ఇళ్ల అవతల. కేక వేస్తే వినిపించే దూరం. ఎందుకు పిలవలేదు? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్నకు ఒక్కోసారి ఒక్కో జవాబు ఇచ్చుకున్నాను. పనుల ఒత్తిడి అనుకున్నాను, మతిమరుపు అనుకున్నాను. అవి నిజం కాదు. మొదటిసారి పక్కా అన్న తర్వాత, పక్కా కాదు అని ఒప్పుకోవాల్సి వచ్చేది. అంతే. నాకంటే పెద్దవాడు, చదువు లేనివాడు, నా వ్యాసాన్ని జేబులో పెట్టుకుని తిరిగే మనిషి ముందు నా పొరపాటు చెప్పుకోలేకపోయాను. రోజులు గడిచేకొద్దీ అది ఇంకా కష్టమైంది.

ఆ మధ్యలోనే వనపర్తిలో చట్టాల మీద అవగాహన సభ పెట్టి నన్నూ మాట్లాడమన్నారు. వేదిక మీద వకీళ్లు ఉన్నారు. ఇద్దరు సాక్షుల సంతకాలు లేని వీలునామా చిత్తు కాగితంతో సమానం అని మైకులో అన్నాను. చప్పట్లు కొట్టారు. అంటున్నప్పుడే నాకు బీరువా గుర్తొచ్చింది. బస్సులో తిరిగి వస్తూ, రేపే టీచరును తీసుకుని వాళ్ల ఊరికి పోతాను అనుకున్నాను. మరునాడు ఆ సభ వార్తలో నా పేరు ఎన్నో లైన్లో వచ్చిందో చూసుకున్నాను. ఊరికి పోలేదు.

తర్వాతి వానాకాలంలో తిమ్మప్ప బావి దగ్గర మోటరు వేయబోతూ కూలిపోయాడు. గుండె. దవాఖానకు తెచ్చేలోపే పోయాడు.

పదకొండో దినం అయిన మరునాడు గోవిందు వచ్చాడు. గుండు, తెల్ల చొక్కా. గేటు బయట మోటరు సైకిల్ ఇంజను ఆపకుండా వాళ్ల బావ కూర్చున్నాడు. ఆ దస్తావేజులు రాసే ఆయనే. నా వ్యాసం వచ్చిన కొత్తలో, పేపరోళ్లు కూడా దస్తావేజులు రాయడం మొదలుపెడితే మేం పోయి వార్తలు రాసుకోవాలె అని రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర నవ్వించిన మనిషి. ఆ మాట నా చెవిదాకా వచ్చింది. వస్తుంది కదా.

“సార్, మా నాయిన నీ కాడికి వస్తుండె. ఏమన్న రాయించిండా?” అన్నాడు గోవిందు.

“ఏం రాయించడం?”

“వీలునామ గిట్ల. మా అత్త అంటది, బాయికాడి ఎకరం ఆమెకు రాసిండని. ముద్ర ఏసేటప్పుడు ఆమె చూసిందట. సార్, ఉంటె జెప్పు. నాయిన రాసిండంటె నేను దాటను. నన్ను సాదింది ఆమెనే గద. గాని ఉత్త మాట మీద నేను ఇంట్ల నెగ్గలేను. కాగితం చూపెట్టుమంటున్రు. నాకొక కాగితం ఉంటె సాలు సార్, ఎట్లున్న మంచిదే.”

ఎట్లున్న మంచిదే. ఆ మాట నేను విన్నాను. స్పష్టంగా విన్నాను. చట్టం ముందు చెల్లని ఆ కాగితం ఆ కొడుకు ముందు చెల్లేది. బీరువా నాకు నాలుగు అడుగుల దూరంలో ఉంది.

బయట మోటరు సైకిల్ చప్పుడు వినిపిస్తోంది. కాగితం తీసి ఇస్తే గేటు దాటగానే అది ఆ బావ చేతికి వెళ్తుంది. ఆయన కన్ను మొదట ఖాళీ జాగా మీదే పడుతుంది. సాయంత్రానికి గద్వాల అంతా నవ్వుతుంది. ఇద్దరు సాక్షులు ఉండాలని ఊరూరా చెప్పిన సారు, తాను రాసిన ఒక్క వీలునామాలో ఒక్క సాక్షినే పెట్టాడట. ఇంత ఆలోచన ఒక్క క్షణంలో ఎలా పట్టిందో తెలియదు. పట్టింది.

“లేదు గోవిందూ. ఆ ముద్ర పింఛను అర్జీ మీద వేశాడు. మీ అత్త అది చూసి ఉంటుంది.”

“గంతేనా సార్,” అన్నాడు. నమస్తే పెట్టి వెళ్లిపోయాడు. నా మాట మీద అతనికి రవ్వంత అనుమానం కూడా రాలేదు. పేపరు సారు అబద్ధం ఎందుకు చెబుతాడు?

నేను మీకు చెప్పాలనుకున్న తప్పు ఇంతవరకు చెప్పింది కాదు. దాని తర్వాతది.

నాలుగు రోజులకు ఈరమ్మ ఒక్కతే వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. ఆ రోజు కూర్చున్న మెట్టు మీదే కూర్చుంది.

“సారూ, అది పింఛను అర్జీనా?”

“అవునక్కా.”

“నేను సూసిన గద. ఇంత పొడుగు రాసినవు. పింఛనుకు గంత రాస్తరా?”

“రాయాల్సి ఉంటుంది.”

“మరి అన్న నా మొకం జూసి జెప్పె గదా, బాయికాడి ఎకరం నీ పేరు మీద రాసిన అని.”

అక్కడ ఆగవచ్చు. నాకు తెలియదక్కా అని ఊరుకోవచ్చు. అబద్ధం నిలబడటానికి అది చాలు. నేను ఆగలేదు. కథనం ఎక్కడ అతకలేదో చూసి సరిచేసే అలవాటు కదా నాది.

“నీ మనసు సంతోషపెట్టడానికి అన్నాడేమో,” అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. వీధి వైపు చూస్తూ కూర్చుంది. కొంగు అంచును వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుతూ. ఆ కొంగుతోనే ఆయన వేలి సిరా తుడిచింది.

“యాబై ఏండ్లు,” అంది. “నాకు ఒక్కనాడు అబద్ధం జెప్పలే. ఆకరికి జెప్పి పోయిండా?”

నేను గేటు వైపు చూశాను.

“ఆయ్తు,” అంది. లేచి వెళ్లిపోయింది.

భూమి పోవడం ఒక నష్టం. అది ఎంత పెద్దదో నాకు తెలుసు. కానీ ఆ రోజు ఆ మెట్టు మీద నేను ఆమె దగ్గర తీసుకున్నది భూమి కాదు. తన కోసం ఒక్క పని చేసి పోయాడనుకున్న అన్నను తీసుకున్నాను. ఆయన మాట తప్పినవాడని ఆమెను నమ్మించాను. ఆయన మాట తప్పలేదు. అరిగిపోయిన బొటనవేలితో మూడుసార్లు అద్ది మరీ నిలబెట్టుకున్నాడు. అది చూసిన మనిషిని నేనొక్కణ్ణే. ఆమె కూడా చూసింది, కానీ తన కళ్లను పక్కనపెట్టి నన్ను నమ్మింది.

ఆ ఎకరం రెండేళ్లలో అమ్ముడుపోయింది. సీడు పత్తి వేయించే ఒక ఆసామి కొన్నాడు. ఇంట్లో ఈరమ్మ ముందు గొడ్ల కొట్టంలోకి మారింది. తర్వాత అదీ లేక ఆ ఆసామి పొలంలో కూలోళ్ల రేకుల షెడ్డుకు పోయింది. పత్తి పూలకు క్రాసింగు చేసే పని. తెల్లవారగానే మొగ పువ్వును తెంపి, సిద్ధం చేసి ఉంచిన ఆడ పువ్వుకు దాని పుప్పొడి తాకించాలి. ఎండ ముదిరేలోపు వందల పూలు. పట్నం నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్లతో కలిసి ఆమె కూడా చేసేది, డెబ్బైకి దగ్గర పడ్డ వయసులో.

ఒక సీజనులో ఈ క్రాసింగు కూలీల మీద కథనం కావాలని డెస్కు అడిగింది. నేను పోయాను. ఏ పొలానికి పోతున్నానో తెలిసే పోయాను. ఎందుకు పోయానో ఇప్పటికీ తెలియదు. ఆమెకు ఏదైనా మేలు జరుగుతుందనా? ఆమెను చూసి కూడా నేను మామూలుగా ఉండగలనని నాకు నేను చూపించుకోవడానికా? ఆమె నవ్వి, “బాగున్నవా సారూ, సన్నగైనవేంది?” అంది. ఫొటో తీశాను. ఫొటో కింద, నా అనేవారు లేని వృద్ధురాలు అని రాశాను. పేజీలో ఆ ఫొటోనే పెద్దగా వేశారు. డెస్కు నుంచి మెచ్చుకుంటూ ఫోన్ వచ్చింది. ఆ ఫొటోలో ఆమె వెనక ఒక బావి గట్టు కనిపిస్తుంది. ఆమె మట్టి మోసిన బావి.

ఆ కత్తిరింపు కూడా బీరువాలోనే ఉంది, ఆ కాగితం మీదే.

రెండేళ్ల కింద ఆమె జ్వరంతో పోయింది. గోవిందు ఎక్కడో లారీ మీద ఉండి, కబురందుకుని మట్టి చేసే వేళకు వచ్చాడు. నేనూ వెళ్లాను. అతను గుంత పక్కన నిలబడి ఏడుస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు.

“మా నాయిన ఇంత కాగితం రాసి పోయుంటె గిట్ల కాకపోవు సార్. నాకంటె శాత గాలే. ఆయనన్న రాయాల్సి ఉండె.”

అప్పుడు చెప్పవచ్చు. చెప్పలేదు. మూడోసారి. చెల్లెలి ముందు అబద్ధాలకోరును చేసిన మనిషిని కొడుకు ముందు బాధ్యత లేని తండ్రిని కూడా చేసి, చెయ్యి విడిపించుకుని ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

దొంగ సంతకం పెట్టించలేదు కదా అని కొన్నాళ్లు నాకు నేను గొప్ప చెప్పుకున్నాను. తిమ్మప్ప పోయాక టీచరును అడిగితే పాత తేదీతో పెట్టేవాడేమో. నేను అడగలేదు. అది నిజాయితీ అనుకున్నాను. అబద్ధం మీద నిలబడి నిజాయితీ గురించి ఆలోచించడం కూడా మనిషికి వీలవుతుందని అప్పుడు తెలిసింది.

మరి ఇప్పుడెందుకు చెబుతున్నాను? పోయిన నెల నా వీలునామా నేను రాసుకున్నాను. ఆరోగ్యం అంత బాగా లేదు, పెద్దగా ఆస్తి కూడా లేదు, ఉన్న ఇల్లు తేల్చి పెడితే మంచిదని నాగర్‌కర్నూలులో ఉండే మా అమ్మాయి పోరింది. వకీలు దగ్గరికి వెళ్లాను. కాగితం టైపు చేశారు. నేను సంతకం పెట్టాను. వకీలు తలుపు తీసి, పక్క గదిలో జిరాక్సు తీసే ఆయనను, మెట్ల మీద ఎవరికోసమో కూర్చున్న ఇంకో ఆయనను పిలిచాడు. ఇద్దరూ వచ్చి, నేను సంతకం చేసింది నిజమేనా అని అడిగి, చెరొక సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఒకాయన పెన్ను మరిచిపోయి మళ్లీ వచ్చి తీసుకున్నాడు.

అయిదు నిమిషాలు పట్టలేదు.

నేను కుర్చీలోనే కూర్చుని ఆ రెండు సంతకాలనూ చూస్తున్నాను. వకీలు మంచినీళ్లు ఇచ్చాడు. షుగరు పడిపోయిందేమో సార్ అన్నాడు.

మీకు ఒక్క మాట చెబుతాను. చెప్పే అర్హత నాకు లేదని తెలిసే చెబుతున్నాను. మీ తర్వాత ఎవరైనా తలెత్తుకుని ఒక ఇంట్లో ఉండాలని మీరు అనుకుంటే, ఆ మనిషికి చట్టంలో పేరు లేకపోతే, కాగితం రాయండి. రాసినరోజే పూర్తి చేయండి. ఒక్కరి దగ్గర దాచమని ఇచ్చి ఊరుకోకండి. ఆ ఒక్కరు ఎంత మంచివాడైనా, ఎంత చదువుకున్నవాడైనా.

ఇదంతా రాసిన ఈ కాగితాలను తిమ్మప్ప వీలునామాతో కలిపి గోవిందుకు పంపుతున్నాను. అతను ఏమంటాడో తెలియదు. ఏమన్నా పడాల్సిందే. ఎకరం తిరిగి రాదు. ఈరమ్మ తిరిగి రాదు. ఆ మెట్టు మీద ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు వినడానికి ఎవరూ లేరు. నన్ను క్షమించమని అడగాల్సిన ఇద్దరూ లేరు కాబట్టి ఎవరినీ అడగను. కానీ ఇది రాస్తూ ఎక్కడా చుక్కలు పెట్టి జాగా వదల్లేదు.

పత్రికలో తప్పు పడితే మరునాడు లోపలి పేజీలో, కింద, చిన్న అక్షరాల్లో దిద్దుబాటు వేస్తాం. తప్పు మొదటి పేజీలో పడినా సరే, దిద్దుబాటు అక్కడే. నా ఉద్యోగంలో ఇతరుల పొరపాట్లకు చాలా రాశాను. నాది ఇది ఒక్కటే.

సవరణ: తిమ్మప్ప ముద్ర వేసింది పింఛను అర్జీ మీద అని, చెల్లెలు ఈరమ్మకు ఆయన ఏమీ రాయలేదని ఈ విలేకరి చెప్పిన మాట అబద్ధం. బావి దగ్గరి ఎకరం, ఇల్లు ఆయన ఆమెకే రాశాడు. ఆమెతో ఆయన చెప్పింది నిజం.